నేరేడు గింజల బండ

అనగనగా ఒక అడవిలో పాటగాళ్లు ఎక్కువ, వినేవాళ్లకు తీరిక తక్కువ. అందుకని పొద్దు వాలగానే జంతువులన్నీ నల్లబండ మీద కూర్చున్న గోరింక దగ్గరికి వచ్చేవి.

"అత్తా, ఈరోజు ఎవరి పాట వినమంటావు?" అని అడిగేవి.

గోరింక ముందు వాళ్ల మంచీచెడూ కనుక్కునేది. నడిచి నడిచి అలిసిన ఏనుగుకు ఒక పేరు చెప్పేది. అలిగి వచ్చిన కోతికి ఇంకో పేరు చెప్పేది. ఎంత బాగా చెప్పేదనుకున్నారు! ఒక్కనాడూ గురి తప్పేది కాదు.

ఒకరోజు నెమలి మోదుగాకు దొప్ప నిండా నేరేడు పండ్లు తెచ్చింది.

"గోరింకమ్మా, నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. ఎవరు అడిగినా నా పేరు ముందు చెప్పు. అంతే!" అంది.

నెమలి ఆట చూడాలి గానీ, పాట వినలేం. ఆ సంగతి గోరింకకు తెలుసు. కానీ పండ్లు నిగనిగలాడుతున్నాయి. 'పేరు ముందు చెబితే ఏం పోయింది?' అనుకుని అన్నీ తినేసింది.

మొదట కుందేలు వచ్చింది. "నెమలి" అంది గోరింక. తర్వాత ఎలుగుబంటి వచ్చింది. దానికీ "నెమలి" అనే చెప్పింది. రెండూ ఆ మాట నమ్మి వెళ్లాయి.

మూడోదిగా లేడి వచ్చింది. పాపం, దాని కళ్లు గుంటలు పడిపోయాయి.

"అత్తా, నా బిడ్డ కాలిలో ముల్లు దిగింది. మూడు రోజులుగా జ్వరం, కంటి మీద కునుకు లేదు. ఎవరి పాటకు నిద్రపోతుందంటావు?"

పికిలిపిట్ట జోలపాటకు! ఆ పేరు గోరింక గొంతుదాకా వచ్చింది. కానీ నోట్లో నేరేడు తీపి ఇంకా పోలేదు.

"ముందు నెమలి... ఆ తర్వాత పికిలిపిట్ట" అంది.

లేడి మొదటి పేరు వినగానే పరుగెత్తింది. కాసేపటికే తిరిగి వచ్చింది. నెమలి అరుపుకు లేడిపిల్ల హడలిపోయి పొదల్లో పడిందట. కాలి గాయం మళ్లీ చిట్లిందట.

"నీ మాట తప్పయి ఉండదు అత్తా. నా బిడ్డకే ఆ పాట పడలేదేమో" అంది లేడి.

తిట్టినా బాగుండేది. గోరింక మనసు చివుక్కుమంది.

అప్పుడు అది నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఏం చేసిందో తెలుసా, పిల్లలూ? అందరినీ పిలిచింది. తను ఉమ్మేసిన నేరేడు గింజలన్నీ ఏరి బండ మీద పెట్టింది.

"ఇవి నెమలి ఇచ్చిన పండ్లు. ఇవి తినే ఆ పేరు ముందు చెప్పాను. తప్పు నాదే. పద లేడమ్మా, పికిలిపిట్టను నేనే పిలుచుకొస్తాను" అంది. అంతమంది ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

పికిలిపిట్ట వచ్చి పాడింది. పాట సగం కాకముందే లేడిపిల్ల కళ్లు మూతపడ్డాయి.

ఆనాటి నుంచి గోరింక ఎవరిచ్చిన పండు తిన్నా, దాని గింజ బండ మీద పెట్టి ఇచ్చినవాళ్ల పేరు చెప్పేది. జంతువులు ముందు బండను చూసి, ఆ తర్వాతే పాట సంగతి అడిగేవి.

నెమలి ఊరుకుంటుందా? ఈసారి పెద్ద సీతాఫలం పట్టుకొచ్చింది.

"తింటాను బావా! కానీ దీనికి గింజలు మరీ ఎక్కువ. బండంతా నీ పేరే నిండిపోతుంది, పరవాలేదా?" అంది గోరింక.

నెమలి బండ వంక చూసింది. పండు తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నీతి: మనల్ని నమ్మి అడిగినవాళ్లకు మన మాటే కాదు, ఆ మాట వెనుక ఉన్న సంగతి కూడా తెలియాలి.