అక్క రేవు

అనగనగా, ఏటి మీద వంతెన కడతారని కలలో కూడా ఎవరూ అనుకోని రోజుల్లో, ఒక రేవు. ఆ రేవులో ఒక పడవ. ఆ పడవలో గెడ పట్టేది తౌడమ్మ.

ఆవిడ తల్లికి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుకని ఈ బిడ్డని చేటెడు తౌడుకి పొరుగింటికి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ కొనుక్కుని, తౌడయ్య అని పేరు పెట్టింది. అవునర్రా, మగపిల్లాడనే పెట్టింది! మాటలొచ్చిన నాటి నుంచీ ఆ బిడ్డ మాత్రం "నేను ఆడపిల్లని" అనే చెప్పేది. పెద్దయ్యాక చీర కట్టింది, కొప్పు ముడిచింది, నా పేరు తౌడమ్మ అంది. ఊరు విందా? ఎదురుగా "వాడొచ్చాడు" అనేవాళ్ళు. వెనకాల "అదొచ్చింది" అని నవ్వేవాళ్ళు. అందరూ దాటేది ఆవిడ పడవలోనే మళ్ళీ. ఏం మనుషులమో!

ఊరి సంగతి వదిలెయ్యండి. ఆవిడ చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు గవరయ్య కూడా అన్నా అనే పిలిచేవాడు.

"ఒరే గవరా, ఒక్కసారి అక్కా అనరా."

"నలుగురూ నవ్వుతారన్నా."

వాడి పెళ్ళిలో అడిగింది. అనలేదు. వాడికి కూతురు పుట్టిననాడు అడిగింది. అనలేదు. చివరికి జ్వరంతో మంచాన పడి, "నన్ను చీరలో సాగనంపు. మా అక్క పోయింది అని ఒక్క మాట అను, చాలు" అంది. గవరయ్య తలూపాడు. తీరా ఊరంతా వచ్చి నిలబడేసరికి సిగ్గేసింది. పంచె కట్టించి, "మా అన్న పోయాడు" అని ఏడ్చి, ఏటి ఒడ్డునే పూడ్చాడు.

మర్నాడు చూస్తే రేవులో పడవ లేదు. తాడు తెగలేదు, ముడి విప్పి ఉంది. మంచు పట్టిన పొద్దుల్లో గెడ నీళ్ళలో దిగే చప్పుడు మాత్రం వినిపించేది. టపుక్. టపుక్. ఎవరు పిలిచినా పడవ రాదు. జనం పూటంతా నడిచి పై ఊరి రేవులో దాటేవాళ్ళు.

కొన్నేళ్ళకి గవరయ్య కూతురు బంగారికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఉండేది అవతలి ఒడ్డున. చుట్టు తిరిగి వెళ్ళొచ్చేదాకా పిల్ల బతకదు. తెల్లారుతోంది, ఏటి నిండా మంచు. గవరయ్య రేవుకి పరిగెత్తాడు.

"అన్నా! పడవ తే!"

టపుక్. మంచులోంచి పడవ వచ్చింది. అందులో ఎవరూ లేరు. గెడ దానంతట అదే మునిగి లేస్తోంది. గెడంత దూరంలో ఆగి, వెనక్కి పోయింది.

"తౌడయ్యా! తప్పయింది, దండం పెడతాను!"

టపుక్. ఈసారి చెయ్యి చాపితే అందేంత దగ్గరకొచ్చింది. చెక్క మీద తను కట్టించిన పంచె, తడితడిగా, మడతపెట్టి ఉంది. పడవ వెనక్కి పోయింది.

ఇంటి వైపు నుంచి బంగారి కేకలు వినిపించడం ఆగిపోయింది. వెనకాల ఊరు సగం వచ్చి నిలబడి చూస్తోంది. ఇంక నవ్వితే నవ్వారు!

"అక్కా!" అని అరిచాడు గవరయ్య. "ఓ అక్కా! మా అక్కొస్తోంది, జరగండర్రా! అక్కా, నీ మేనకోడలు చచ్చిపోతోందే!"

పడవ ఒడ్డుకి తగిలింది. పంచె లేదు. ఎక్కాడు. వెనకనుంచి ఆవిడ తలకి రాసుకునే ఆముదం వాసన వేసింది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు, ఏడుస్తూ కూర్చున్నాడు.

అవతల మంత్రసాని ఎక్కి, గెడ వైపు చూసి అడిగింది: "గెడ ఎవరు వేస్తున్నారు గవరా?"

"మా అక్క."

తల్లీ బిడ్డా దక్కారు. పుట్టింది ఆడపిల్ల, తౌడమ్మ అనే పిలుచుకున్నారు. గవరయ్య కొత్త చీర తెచ్చి ఏట్లో వదిలాడు. అది మునగలేదు. వాలుకి ఎదురెక్కి మంచులోకి పోయింది.

అప్పటినుంచీ అది అక్క రేవు. అక్కడ పడవ నడిపేవాళ్ళు కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడుగుతారు. చెప్పిన మాట ఒకసారి పైకి అని, అప్పుడే తాడు విప్పుతారు. ఎగతాళికి ఇంకో మాట అన్నారో, గెడకి ఏటి అడుగు అందదు, పడవ కదలదు.

మంచు పట్టిన పొద్దున మీరూ అటు వెళ్తే, నీళ్ళకేసి అక్కా అని పిలవండి. టపుక్ మని వినిపిస్తుంది. వినిపించలేదూ? అయితే మీరు లోపల ఇంకో మాట అనుకున్నారన్నమాట.