మూడు గ్రంథాల సాక్ష్యం

విరూపాక్షుడు కాశీలో చదువు ముగించుకుని వచ్చి చిదంబర వైద్యుల దగ్గర శిష్యుడిగా చేరాడు. వస్తూ దారి పొడుగునా తాళపత్ర గ్రంథాలు సేకరించి తెచ్చుకున్నాడు. గురువుగారింట్లో కూడా అన్ని గ్రంథాలు లేవు. ఆ సంగతి అతను మరిచిపోలేకపోయేవాడు.

ఒక ఉదయం పోలయ్య అనే పడవవాడు జ్వరంతో కాలిపోతున్న భార్యను చేతుల మీద మోసుకొచ్చాడు. చిదంబర వైద్యులు ఆమెను లోపల పడుకోబెట్టించి నాడి చూశారు.

"శుద్ధి చేసిన నాభి ఇద్దాం. ఆవగింజంత" అన్నారు.

నాభి విషపు దుంప. మోతాదు కుదిరితే జ్వరాన్ని దించుతుంది. తప్పితే మనిషినే తీసుకుపోతుంది.

విరూపాక్షుడు ఆయన్ని పక్కకు పిలిచాడు. "గురువుగారూ, అది చాలదు. గురిగింజంత ఇవ్వాలి. నా దగ్గరున్న మూడు గ్రంథాలూ అదే చెబుతున్నాయి. ఒకటి కాశీలో దొరికింది, ఒకటి పూరీలో, ఒకటి రాజమహేంద్రవరంలో. మూడూ పొరబడతాయా?"

గురువు వాదించలేదు. "అయితే అలాగే నూరు" అన్నారు.

అతను నూరాడు. తేనెలో కలిపి గిన్నెలోకి తీశాడు.

"అయ్యా, ఇంకా ఎంతసేపు?" పోలయ్య లోపల్నుంచి అడిగాడు.

చిదంబర వైద్యులు గిన్నె అందుకున్నారు. రోగి వైపు వెళ్ళకుండా తన నోటి దగ్గరకే ఎత్తుకున్నారు.

విరూపాక్షుడు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దండీ! మీకేమన్నా అయితే?"

"మూడు గ్రంథాలు చెప్పాయిగా."

"చెప్పాయి. కానీ... ఎవరైనా ఇచ్చి చూసి రాశారో లేదో నాకు తెలీదు."

"ఆవిడకి ఇవ్వమన్నప్పుడు తెలుసా?"

గురువు గిన్నె కింద పెట్టారు.

"ఆ మూడూ తీసుకురా. మోతాదు ఉన్న చోటు పైకి చదువు."

అతను మొదటిది చదివాడు. ఆ వాక్యంలో శొంఠి అనే మాట పొరపాటున రెండుసార్లు పడి ఉంది. రెండోదాంట్లోనూ అక్కడే రెండుసార్లు ఉంది. మూడోది చదువుతూ చదువుతూ రెండో శొంఠి దగ్గర ఆగిపోయాడు.

"ఎవరో ఒకాయన కునికిపాట్లు పడుతూ రాశాడు" అన్నారు గురువు. "మిగతావాళ్ళు ఆ కునికిపాటును కూడా రాసుకున్నారు."

విరూపాక్షుడు తాళపత్రాలు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు. "మరి మీరు చెప్పిన ఆవగింజ ఎక్కడిదండీ?"

"మా గురువుగారు ఇస్తుంటే చూశాను. ఇచ్చాక రోగి పక్కనుంచి ఆయన లేచేవారు కాదు. నేనూ లేచేవాణ్ణి కాదు."

విరూపాక్షుడు ఆ గిన్నె తీసుకెళ్ళి పెరట్లో గుంట తవ్వి పారబోసి, మట్టి కప్పాడు. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ నూరాడు, ఆవగింజంత. గురువుగారు తమ చేత్తో ఆమెకు నాకించారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పోలయ్య ఆమె కొంగుతో దాన్ని తుడిచి, మొహం తిప్పుకుని ఏడ్చాడు.

గురువుగారు భోజనానికి పిలిచారు. ఆమె నాడి మీద వేలుంచి కూర్చున్న విరూపాక్షుడు కదల్లేదు.

గురువుగారు మళ్ళీ పిలవలేదు.