గవరమ్మ కట్టిన వెక్కిరింపు పాట

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. ఏ బిడ్డకు ఏ జబ్బు చేసినా ఆమె గుమ్మం ముందే జనం. అది వానలో, బురదలో తిరిగి సంపాదించుకున్న పేరు తల్లీ. ఊరికే రాలేదు.

అప్పుడు ఆ ఊరికి ఈశ్వరి కోడలుగా వచ్చింది. ఊరి ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్త పనిలో చేరింది. సాయంత్రం పాలు పోసే చోట ఆడవాళ్ళను కూర్చోబెట్టి, బిడ్డకు విరేచనాలైతే ఏం చేయాలో చెప్పేది. గవరమ్మ గుమ్మం బోసిపోయింది. ఆమె కళ్ళలో నిప్పులు పోసుకుంది. తన కోడలు కొండమ్మను ఆ వైపు అడుగు పెట్టనివ్వలేదు. తను మాత్రం గడ్డిమేటు వెనక నక్కి వినేది.

మొదటిరోజు ఉండబట్టలేక బయటికొచ్చింది. "విరేచనాల బిడ్డకు నీళ్ళా? కారే కుండలో నీళ్ళు పోస్తారటే ఎవరైనా?" అంది.

"కారే కుండే కదా పెద్దమ్మా, తొందరగా ఖాళీ అయ్యేది" అంది ఈశ్వరి. అందరూ నవ్వారు. గవరమ్మ విసవిసా వెళ్ళిపోయింది.

రెండోరోజు గవరమ్మ వెక్కిరింపుగా ఈశ్వరి నడక నడిచి చూపించింది. ఎవరూ నవ్వలేదు.

మూడోరోజు గవరమ్మ, ఈశ్వరి మాటలన్నీ ఏరుకుని వెక్కిరింపు పాట కట్టింది. చేతులు తిప్పుతూ వీధంతా పాడింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఆ పూట ఆమెకు కమ్మగా అన్నం సయించింది.

ఆ తర్వాత ఏమైంది? గవరమ్మ మనవరాలు, కొండమ్మ కూతురు మంగకే విరేచనాలు పట్టుకున్నాయి. గవరమ్మ నీళ్ళు మాన్పించింది, పాలు మాన్పించింది. దిష్టి తీసింది. తాయెత్తు కట్టింది. మొలకు వేపాకు చుట్టింది. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు లోతుకు పోయాయి. ఏడుస్తుంటే కన్నీరు రాలేదు.

ఈశ్వరేమో పుట్టింటికి వెళ్ళింది. ఆసుపత్రి చూస్తే వాగు దాటి అవతల.

అప్పుడు కొండమ్మ, అత్తకు ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. "నన్ను విననిచ్చావు కాదు. నువ్వు విన్నావు కదత్తా. ఆ పాట పాడు" అంది.

గవరమ్మ మంగ వైపు చూసింది. పాడితే ఈశ్వరి గెలిచినట్టు. పాడకపోతే? మంగ నాలుక పిడచకట్టుకుపోయి ఉంది.

పాడింది. ఆమె పాడినట్టే కొండమ్మ నీళ్ళు చల్లార్చి కలిపింది. ఎడ్లబండి ఎక్కి, దారి పొడుగునా చెంచాతో పోస్తూనే వెళ్ళారు. వాగు దాటేసరికి మంగ చెంచాను గట్టిగా పట్టుకుంది.

"తోవలో నీళ్ళు పట్టబట్టే పిల్ల దక్కింది. ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు ఆసుపత్రి డాక్టరు.

గవరమ్మ కొంగు సర్దుకుంది. "పాట నాదే" అంది.

పూర్తిగా అబద్ధమూ కాదు కదా. ఊరికి తిరిగొచ్చిన ఈశ్వరికి అంతా తెలిసింది. అయినా కాదనలేదు. పాలు పోసే చోట ఆమెకు పీట వేసింది. "నువ్వే పాడు పెద్దమ్మా" అంది. గవరమ్మ పాడింది. చివర్లో ఈశ్వరి పేరు ఉన్నచోట మాత్రం తన పేరు పెట్టుకుంది. కుళ్ళు అంత తేలిగ్గా పోతుందా తల్లీ?

కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసుడు
ఉప్పేమో చిటికెడు
పంచదార చెంచాడు
చెంచా చెంచా పోయవే
గవరమ్మ గొప్ప చూడవే!

కథేమో కంచి దారి పట్టె,
మన కంటికేమో కునుకు పట్టె.