‘అంతే’ అనవలసినవాడు

నిన్ను నమ్మి చెప్పిన మాటను నలుగురిలో బయటపెట్టి నవ్వించావు కదా, ఈ కథ నీకే. పక్కవాడి వైపు చూడొద్దు. కూర్చుని విను.

ఒక పెద్ద కాలువ కింది ఊళ్లకు ఒక హైస్కూలు ఉండేది. ఎగువ ఊళ్ల పిల్లలూ, నీళ్లు అందని శివారు ఊళ్ల పిల్లలూ అక్కడే చదివేవాళ్లు. నీళ్ల కోసం పెద్దలు తూముల దగ్గర కర్రలతో కొట్టుకునే రోజులవి. సోషల్ చెప్పే ఖాదర్‌వలీ మాస్టారు ఆ పిల్లలతో ఒక చర్చావేదిక పెట్టారు. ఊళ్ల తగాదాలను పిల్లలు రాయబారుల్లా కూర్చుని మాట్లాడాలి.

దానికి ఆయన నియమం ఒకటే. నీ వాదన మొదలుపెట్టే ముందు ఎదుటివాడి కష్టం నీ నోటితో చెప్పాలి. అతను విని ‘అంతే’ అనాలి. అనకపోతే నువ్వు వేదిక ఎక్కకూడదు. అందుకని శుక్రవారాల్లో పిల్లలు ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్లు.

పదో తరగతి వినీలది ఎగువ ఊరు. మంచి మాటకారి. ఆ ఏడు స్కూలు తరఫున జిల్లా చర్చా సభకు తనే వెళ్తానని నమ్మకంగా ఉంది. ఆమెకు ఎదురు కూర్చునేవాడు శివారు ఊరి ప్రభుదాసు.

ఒక శుక్రవారం అతను గొంతు తగ్గించి చెప్పాడు.

“మా నాన్న పొలం బీడు పెట్టేశాడు. కూలికి పోతున్నాడు. మీ చేలోకే.”

“మా చేలోకా? నేనెప్పుడూ చూడలేదే.”

“నువ్వొస్తే తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంటాడంట. నువ్వు గుర్తుపడతావేమోనని.”

స్కూలు వార్షికోత్సవం నాడు తల్లిదండ్రుల ముందు చర్చ జరిగింది. వినీల శివారు ఊళ్ల కష్టం చక్కగా చెప్పింది. ప్రభుదాసు ‘అంతే’ అన్నాడు. తర్వాత అతని వంతు వచ్చింది. అతనూ ఎగువ ఊళ్ల కష్టం చెప్పి వినీల చేత ‘అంతే’ అనిపించుకున్నాడు.

“మీరు రెండో పంట వేస్తున్నారు. మాకు మొదటిదే లేదు. ముందు మా తూముకు నీళ్లు రానివ్వండి, ఆ తర్వాత మీరు రెండో పంట వేసుకోండి,” అన్నాడు.

ముందు వరసలో ఆమె తండ్రి ఇబ్బందిగా కదిలాడు. అది చూసి ఆమె గబుక్కున అంది.

“మా రెండో పంట ఆపితే ముందు కూలి పోయేది వాళ్ల నాన్నకే. ఆయన పని చేసేది మా చేలోనే. అదిగో, వెనక తలగుడ్డ దించుకుని కూర్చున్నాడు, అడగండి.”

జనం విరగబడి నవ్వారు. వెనక కూర్చున్న మనిషి లేచి వెళ్లిపోయాడు. ప్రభుదాసు వేదిక దిగి ఆయన వెంట వెళ్లాడు. చర్చలో గెలిచినవాళ్లకిచ్చే కప్పు వినీల చేతికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆమె మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“సార్, జిల్లా సభకు నా పేరు పంపారా?”

“ముందు ప్రభుదాసు కష్టం చెప్పమ్మా,” అని ఆయన ఒక ఖాళీ కుర్చీ తెచ్చి ఆమె ఎదురుగా వేశారు.

వినీల చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. మాస్టారు ఆ కుర్చీ వైపు తిరిగి ఎదురుచూస్తూ కూర్చున్నారు. బడి వదిలే గంట మోగింది. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయన కదల్లేదు.

“ప్రభు ఇవాళ బడికి రాలేదు సార్.”

“చూశాను తల్లీ.”

“మరి ‘అంతే’ అని ఎవరంటారు?”

వినీల సంచి భుజాన వేసుకుంది. తర్వాత సైకిలెక్కి శివారు ఊరి దారి పట్టింది.

ప్రభుదాసు ఆమెను చూసి లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు.

“తప్పు చేశాను ప్రభూ.”

“పర్లేదులే. ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చావు, తాగు.”

“నాన్న పనికి వెళ్లాడా?”

“మేం బాగానే ఉన్నాం వినీలా.”

శుక్రవారం వచ్చింది. వినీల ఎదుట ఇంకో శివారు ఊరి పిల్ల కూర్చుంది. “మాకేం కష్టాల్లేవు, అంతా బాగానే ఉంది,” అని లేచిపోయింది. తర్వాత కూర్చున్నది సొంత ఊరి స్నేహితురాలు మాలిని.

“నువ్వైనా చెప్పవే.”

“నిజంగా ఏం లేదే. బాగానే ఉన్నాం.”

వినీల కళ్లనీళ్లతో మాస్టారి దగ్గరికి వెళ్లింది. “ఎవరికీ ఏ కష్టమూ లేదంటున్నారు సార్.”

మాస్టారు కుర్చీ జరుపుకుని ఆమె ఎదుట కూర్చున్నారు. “నాకుంది. వింటావా?”

ఆయన చెప్పారు. అదేమిటో నీకు చెప్పను. ఆమె తల వంచుకుని విన్నది. తిరిగి మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

“అంతే,” అన్నారు మాస్టారు.

జిల్లా సభకు వినీల వెళ్లలేదు. ఆ స్కూలు వదిలేదాకా ఆమె ఎదుట కూర్చున్న పిల్లలందరూ బాగానే ఉన్నారు.