బూరుగు చెట్టుకి మూడు రంపాలు

అనగనగా రాజులూ ఉన్నారు, రంపపు మిషన్లూ ఉన్నాయి. రెండూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని అడక్కండి. కథకి కాళ్ళు లేవు, ముంతకి చెవులు లేవు. మీరు ఊఁ కొడితే చాలు, కథ అదే నడుస్తుంది.

ఆ రాజ్యంలో కొండ మీద మబ్బువాడ అని ఒక ఊరు. పొద్దున్నే మబ్బు వీధుల్లోకి దిగి, గడపల దాకా వచ్చి, ఎండెక్కాక మెల్లగా లేచి వెళ్ళిపోయేది. ఊరి నడుమ ఒక బూరుగు చెట్టు. ఎంత పెద్దదంటే, కింద నిలబడి కొస చూడాలంటే తలపాగా ఊడి పడాలి. ఎండాకాలంలో దాని కాయలు పగిలేవి. తెల్లటి దూది తేలుతూ వచ్చి అరుగుల మీద, వాకిళ్ళలో, పడుకున్న ఆవుల వీపుల మీద వాలేది.

ఊళ్ళో అందరి తలగడల్లోనూ ఆ దూదే. అందులో ఏదో మహిమ ఉండేది. దాని మీద తల వాల్చినవాళ్ళకి మంచి కలలు వచ్చేవి. కాకపోతే ఏడాది తిరిగేసరికి దూది ముద్దకట్టి కలలు పలచబడేవి. మళ్ళీ ఎండాకాలం రావాలి, మళ్ళీ కొత్త దూది నింపాలి.

చెట్టు కిందే తలగడలు కుట్టేవాళ్ళ ఇళ్ళు వరసగా ఉండేవి. మొదటి ఇల్లు గుంపస్వామిది. అతని పని చెట్లెక్కి కొమ్మలు కొట్టడం. పెళ్ళాం రాజులమ్మ తలగడలు కుట్టేది. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు, ఐదో ఏట జ్వరమొచ్చి పోయింది. అప్పట్నించి ఆ పిల్ల తల్లికి కలలోనే కనబడేది. వచ్చి పక్కన కూచుని, కబుర్లు చెప్పి, తెల్లవారేసరికి వెళ్ళిపోయేది. రాజులమ్మ ప్రాణమంతా ఆ కలలోనే ఉంది. ఆ సంగతి గుంపస్వామికి తెలుసు. తెలిసినా ఎప్పుడూ పైకి అనేవాడు కాదు.

ఒక ఏడు, కాయలు ఇంకా పగలకముందే, పెద్ద గాలి వీచింది. బూరుగు చెట్టుకి మూడు కొమ్మలు దెబ్బతిన్నాయి. చిటారున ఒక సన్నకొమ్మ విరిగి వేలాడింది. నడుమ ఒక కొమ్మ నిలువునా చీలింది. అన్నిటికన్నా కింద, మనిషి నడుమంత లావు కొమ్మ ఒకటి మొదట్లో పగులిచ్చి, తలగడలు కుట్టేవాళ్ళ ఇళ్ళ మీదికి ఒరిగింది.

రాజుగారు పల్లకీలో వచ్చి చూశారు. మంచివారే, కాని జాగ్రత్త పాలు ఎక్కువ.

"నాలుగో రోజుకి గాలివాన ఉందని జోస్యులు చెప్పారు. ఈ కొమ్మలు ఇళ్ళ మీద పడితే ప్రాణాలు పోతాయి. చెట్టుని మొదలంటా కొట్టించేద్దాం," అన్నారు.

రాజులమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి గుంపస్వామి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మహాప్రభూ, కాలిలో ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తాం గాని కాలు తీయం కదా. మూడు రోజులు గడువిప్పించండి. మూడు కొమ్మలూ నేను దింపుతాను."

"గొడ్డలితోనా?"

"గొడ్డలి దెబ్బకి చెట్టు అదురుతుంది. పగిలిన కొమ్మ ఎప్పుడు, ఎటు పడుతుందో చెప్పలేం. నేనిన్నాళ్ళూ కత్తితోనే నెట్టుకొచ్చాను. ఈ పనికి మాత్రం రంపపు మిషను కావాలి."

"బుచ్చిశెట్టి అంగడికెళ్ళి నీకు నచ్చింది తెచ్చుకో. ఖర్చు మాది. మూడో రోజు పొద్దు గుంకేసరికి కొమ్మలు కిందుండాలి. లేదంటే నాలుగో రోజు చెట్టే కిందుంటుంది," అన్నారు రాజుగారు.

బుచ్చిశెట్టి అంగట్లో మూడు మిషన్లు ఉన్నాయి. ఆ కాలంలో పనిముట్లు మాట్లాడేవి. అదీ కొనేదాకానే, కొన్నాక నోరు మెదిపేవి కావు. కొన్ని పెళ్ళి సంబంధాల్లాగే అన్నమాట.

"నన్ను చూడు గుంపస్వామీ," అంది పెద్ద మిషను. "పళ్ళగొలుసు తిరిగే నా పట్టీ మూరన్నర పొడుగు. నేను అరిస్తే అడవి ఉలిక్కిపడుతుంది."

"దాని డాబు నమ్మకు," అంది చిన్న మిషను. "నేను పిట్టంత తేలిక. ఒక చేత్తో నన్ను పట్టుకో, రెండో చేత్తో కొమ్మ పట్టుకో. హాయిగా పాట పాడుకుంటూ కోసుకో."

నడిమి మిషను మాత్రం, "నాకు చెప్పుకునేంత గొప్పేం లేదు," అని ఊరుకుంది.

గొప్ప లేదని తనే చెప్పుకునే సరుకుని ఎవరు కొంటారు చెప్పండి. గుంపస్వామి పెద్దదాన్ని ఎత్తి చూశాడు. పొద్దున్నే గంజి తాగి వచ్చినవాడు, కోడిపిల్లని ఎత్తినట్టు ఎత్తాడు. వీధిలోవాళ్ళు ఔరా అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక ఇంకో దాని వంక చూస్తాడా? భుజాన వేసుకుని వచ్చేశాడు.

"మావా, అది నిన్నెక్కిందా, నువ్వు దాన్ని ఎక్కించుకున్నావా?" అంది రాజులమ్మ, నవ్వు ఆపుకుంటూ.

గుంపస్వామి నడుముకి మోకు బిగించి, మిషనుని తాడుతో వేలాడదీసుకుని చెట్టెక్కాడు. పది బారలు ఎక్కేసరికి మిషను నడుముని పక్కకి లాగడం మొదలెట్టింది. నేల మీద కోడిపిల్ల చెట్టు మీద దున్నపోతయింది. చిటారుకి చేరేసరికి అతని చేతులు మెత్తబడిపోయాయి. సన్నకొమ్మ మీద పెడితే, పెట్టీ పెట్టగానే తెగిపోయింది. కొమ్మయితే తెగింది గాని మిషను ఆగలేదు. దాని బరువుతో అది చేతుల్ని కిందికి ఈడ్చుకుపోయి, అతన్ని మోస్తున్న మోకుకి జానెడు దూరంలో ఆగింది.  గుంపస్వామి చాలాసేపు అలాగే కొమ్మని కావలించుకుని కూచుని, తర్వాత ఎలాగో కిందికి దిగాడు.

రెండో రోజు పొద్దున్నే పెద్దదాన్ని వాపసిచ్చి చిన్నదాన్ని తెచ్చుకున్నాడు. అబ్బో, దాని వేషాలు. నడుముకి కట్టుకుంటే ఉన్నట్టే లేదు. మబ్బులోంచి పైకి ఎక్కుతుంటే తనకే రెక్కలొచ్చాయేమో అనిపించింది. నడిమి కొమ్మని ముక్కముక్కలుగా, వంకాయలు తరిగినట్టు తరిగి దింపాడు. ఆ ఊపులోనే అడుగుకొమ్మ దగ్గరికొచ్చి, ఒక చేత్తో పట్టు, ఒక చేత్తో మిషను పెట్టి కోత మొదలెట్టాడు.

సగం లోతుకి వెళ్ళేసరికి చిన్నదాని పట్టీ చాలలేదు. దగ్గింది, పొగ కక్కింది, కొమ్మలో ఇరుక్కుంది. ఒంటిచేత్తో లాగేసరికి ఎగిరి వెనక్కి తన్నింది. అతని చొక్కా భుజం దగ్గర చీరుకుపోయింది. ఒంటికి తగల్లేదు, ఏ తల్లి దీవెనో. కాని సగం కోసిన కొమ్మ కిర్రుమని ఇంకాస్త ఒరిగింది. అంతకుముందు ఆ కొమ్మకి పగులే ఉండేది, ఇప్పుడు దానికి తన కోత కూడా తోడైంది.

ఆ సాయంత్రం రాజభటులు గొడ్డళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పెట్టి, నూరుకుంటూ కూచున్నారు. ఆ చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. వరసలో అందరూ ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. రాజులమ్మ మాత్రం కదల్లేదు. గుడ్డిదీపం ముందు కూచుని ఖాళీ తలగడ గలీబు కుడుతోంది.

"మావా," అంది తలెత్తకుండా, "నిన్న కలలో పిల్ల వచ్చింది గాని మొహం కనబడలేదు. పాతదూది ముద్దయిపోయింది. ఈ ఏడు కొత్తదూది లేకపోతే ఇంక రాదు."

 తన తెలివితక్కువ వల్లే ఇదంతా అని గుంపస్వామి లోపల కుమిలిపోయాడు.

ఇంతలో ఆమె చేతిలో సూది పుటుక్కున విరిగింది. రాజులమ్మ లేచి చెంగు దులుపుకుంది.

"శెట్టి అంగడికెళ్ళి సూది కొనుక్కొస్తాను."

"దీపాలు పెట్టే వేళ దాటింది. పొద్దున్న కొనుక్కోరాదూ," అన్నాడు గుంపస్వామి.

"పొద్దున్న ఎవరైనా సూది కొంటారా? పొద్దున్న వేళ్ళు చలాకీగా ఉంటాయి, ఏ సూదైనా బాగానే ఉంటుంది. పది తలగడలు కుట్టి, వేళ్ళు తిమ్మిరెక్కాక వెళ్ళాలి. అప్పుడు కూడా జారకుండా చేతిలో నిలిచిందే మన సూది. మా కుట్టుపనివాళ్ళందరం అలాగే కొంటాం."

ఆమె వెళ్ళిపోయింది. గుంపస్వామి తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూచున్నాడు.

మూడో రోజు మబ్బు ఇంకా వీడకముందే లేచాడు. మిషను లేకుండా ఉత్తచేతులతో చెట్టెక్కి దిగాడు. మళ్ళీ ఎక్కి దిగాడు. మూడోసారి ఎక్కినప్పుడు నులకతాడుతో అడుగుకొమ్మ లావు ఎంతో అడ్డంగా కొలిచి, ముడేసి, దిగాడు. చూసినవాళ్ళు, పాపం, మతి చలించిందనుకున్నారు. చెమటలు కారుతూ, చేతులు వణుకుతూ ఉండగా తిన్నగా అంగడికి వెళ్ళాడు.

"మళ్ళీ వచ్చావా? ఇన్నిసార్లు మార్చడానికి ఇవేమన్నా పెళ్ళిచూపులటయ్యా," అన్నాడు బుచ్చిశెట్టి.

"శెట్టిగారూ, మీరు ఒక తాంబూలం వేసుకోండి. అది నమిలేదాకా నేను ఒక్కో మిషనుని చేతులు చాపి పట్టుకుంటాను," అన్నాడు గుంపస్వామి.

పెద్దదాన్ని పట్టుకున్నాడు. శెట్టి ఆకుకి సున్నం రాసేలోపే అతని చేతులు నేలకి దిగాయి.

"మొన్న నన్ను ఎత్తిన చేతులేనా ఇవి?" అంది పెద్ద మిషను, చిన్నబుచ్చుకుని.

"అవి ఉత్త పొద్దుటి చేతులు. చెట్టు మీద పని చేసేవి ఇవీ," అన్నాడు గుంపస్వామి.

చిన్నదాన్ని పట్టుకున్నాడు. తాంబూలం అయిపోయినా నిలిచింది. కాని తాడు పక్కన పెట్టి చూస్తే దాని పట్టీ ముడి దాకా రాలేదు. దించి పక్కన పెట్టేశాడు.

నడిమిదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. బరువు తెలిసింది, కాని చేతులు వంగలేదు. శెట్టి ఆకు నమిలి, బయటికెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. మిషను ఉన్నచోటే ఉంది. దాని పట్టీ తాడు ముడిని నాలుగు వేళ్ళు దాటింది.

"నీ గొప్ప ఇదా, మరి చెప్పవేం?" అన్నాడు గుంపస్వామి.

"అలిసిపోయి వచ్చి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు," అంది నడిమి మిషను. అంతే, తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

నిన్న తొందరపడ్డట్టు ఆ కొమ్మని మొదట్లోనే కోస్తే మొత్తం ఇళ్ళ మీద పడుతుంది. కొస నుంచి మొదలు దాకా ముక్కలుగా కోసుకుంటూ రావాలి. కొస సన్నం, నడుమ మధ్యరకం, మొదలు లావు. ఒక్క కొమ్మలోనే మూడూ ఉన్నాయి. మధ్యలో దిగివచ్చి మిషను మార్చుకుంటానంటే ఆ కొమ్మ ఆగదు.

గుంపస్వామి పైకొమ్మకి మోకు వేసి, దాని మీద వేలాడుతూ కొసకి వెళ్ళాడు. రెండు చేతులూ మిషను మీదే. ముందు కింద ఒక గాటు, తర్వాత పైన ఒక గాటు. ప్రతి ముక్కకీ తాడు కట్టి మెల్లగా దింపాడు. కింద తాడు పట్టుకున్నది రాజులమ్మ. కాసేపటికి ఖాళీ చేసి వెళ్ళిన ఇరుగుపొరుగు వచ్చి ఆమె వెనక ఒక్కొక్కరే చెయ్యి వేశారు. చివరికి గొడ్డళ్ళు పక్కన పెట్టి భటులు కూడా వేశారు.

మధ్యాహ్నం దాటింది. తూర్పున మబ్బు నల్లబడింది. గుంపస్వామి చేతుల్లో సత్తువ అయిపోయింది, వేళ్ళకి స్పర్శ లేదు. అయినా మిషను అతను పెట్టినచోట పెట్టినట్టే నిలిచింది, ఆపమన్నచోట ఆగింది. పొద్దు గుంకుతుండగా లావు మొదలు తెగి, తాడు మీద ఊగుతూ, పాపని ఉయ్యాల్లోంచి దించినట్టు నేల మీదికి దిగింది.

నాలుగో రోజు గాలివాన వచ్చింది. చెట్టు ఊగింది, మూలిగింది, నిలబడింది. వాన వెలిశాక రాజుగారు వచ్చి ఆ మిషనుని తిప్పి తిప్పి చూశారు.

"దీన్ని చూస్తే అంత గొప్పగా ఏం లేదే?"

"లేదు మహాప్రభూ. నా చేతులు నా మాట వినడం మానేశాక కూడా ఇది విన్నది, అంతే," అన్నాడు గుంపస్వామి.

మరి నెల్లాళ్ళకి కాయలు పగిలాయి. ఊరంతా తెల్లగా తేలిపోయింది. రాజులమ్మ కొత్తదూది నింపి, తలగడ కుట్టి, దాని మీద పడుకుంది. మర్నాడు ఎండెక్కేదాకా లేవలేదు. గుంపస్వామి లేపకుండా చద్దన్నం తనే పెట్టుకుని తింటున్నాడు. రాజులమ్మ వచ్చి పక్కన కూచుంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మొహం కనబడింది మావా," అంది. "జుట్టు పెరిగింది. జడ వేసి పంపాను."

గుంపస్వామి చేతిలో ముద్దని ఆమె నోటికి అందించాడు.

కనక పిల్లలూ, పనిముట్టునైనా, తోడునైనా ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు చూసి ఎంచుకోకూడదు. అలిసిపోయిన చేతిలో ఏది నిలుస్తుందో చూసి ఎంచుకోవాలి.