లప్పంతో మూసిన కన్నం

అనకాపల్లిలో శారదా నది ఒడ్డున సన్యాసిరావు అనే లాండ్రీ యజమాని ఉండేవాడు. అతని చేతిపనికి వంక పెట్టడం కష్టమే కానీ, ఎవరైనా ఒక్క వంక పెడితే మాత్రం ఆ మనిషిమీద మండిపడేవాడు.

అతనికీ, అతని భార్య వరహాలమ్మకీ ఇరవై ఏళ్ళు రేవులోనే గడిచాయి. బండ మీద బట్టలు బాది బాది వరహాలమ్మ కుడిభుజం అరిగిపోయింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. ఆమెకు జడ కూడా పక్కింటావిడే వేసేది. "ఇంకొన్నాళ్ళు ఇలాగే బాదితే ఈ చెయ్యి పూర్తిగా పడిపోతుంది" అని డాక్టరు చెప్పాడు. సన్యాసిరావు హడలిపోయాడు. ఉన్న ఇంటిస్థలం అమ్మేసి ఒక పెద్ద వాషింగ్ మెషీను కొన్నాడు. పాతదే అయినా ఒక్క విడతకు నలభై దుప్పట్లు ఉతికేది. ఊళ్ళో ఆసుపత్రి దుప్పట్లన్నీ వాళ్ళ దగ్గరికే వచ్చేవి. వరహాలమ్మ మళ్ళీ రేవు మెట్లు దిగలేదు.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత మెషీను గోల మొదలుపెట్టింది. డ్రమ్ము తిరిగితే తిరగలిలో రాళ్ళు పోసినట్టు చప్పుడు. వెనకవైపు ఇరుసు కింద ఒక చిన్న కన్నం ఉండేది. అందులోంచి తుప్పునీరు బొట్టుబొట్టుగా కారేది.

సన్యాసిరావు ఎవరినీ పిలవలేదు. మెషీను తనే విప్పాడు. ఇరుసును మోసే బేరింగులు అరిగిపోయాయని పోల్చుకున్నాడు. కొత్తవి కొనడానికి ఐజాక్ మేస్త్రి కొట్టుకు వెళ్ళాడు. ఈ మేస్త్రి ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో యంత్రాలు బాగుచేసి, ఇప్పుడు వాటి సామాన్లు అమ్ముకుంటున్న పెద్దమనిషి.

మేస్త్రి రెండు బేరింగులు బల్ల మీద పెట్టాడు. వాటి పక్కనే ఒక నల్లటి రబ్బరు సీలు కూడా పెట్టాడు.

"సీలెందుకు మేస్త్రిగారూ? నాది కొత్తదాన్లాగే ఉంది. సూసే వొచ్చాను" అన్నాడు సన్యాసిరావు.

"చూడ్డానికి అలాగే ఉంటుందయ్యా. డ్రమ్ములో నీళ్ళు బేరింగుల్లోకి పోకుండా ఆపేది అదే. అది సరిగ్గా ఆపితే నీ బేరింగులు ఎందుకు పోతాయి? రెండూ కలిపే మార్చాలి. పైగా వెనకాల..."

"నాకు తెల్దేటండీ? ఇరవయ్యేళ్ళుగా నీళ్ళతోటే కదా నా బతుకు!"

బేరింగులు జేబులో వేసుకుని వచ్చేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు ఎవరు చూపిస్తారు? మేస్త్రి సీలును మళ్ళీ డబ్బాలో పెట్టుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, సన్యాసిరావు పని ముచ్చటగా చేశాడు. డ్రమ్మును వెనక్కి లాగాడు. పాత బేరింగులను చెక్కముక్క అడ్డుపెట్టి నెమ్మదిగా కొట్టి తీశాడు. ఇరుసును నూనెగుడ్డతో అద్దంలా తుడిచి, గ్రీజు పట్టించి, కొత్తవి ఎక్కించాడు. పాత సీలునే శుభ్రంగా తుడిచి మళ్ళీ బిగించాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మీట నొక్కితే డ్రమ్ము చప్పుడు లేకుండా తిరిగింది.

అతను మెప్పుకోసం పెళ్ళాం ముఖంలోకి చూశాడు. వరహాలమ్మ మెషీను వెనక్కి వెళ్ళింది. వంగి, కన్నం కింద వేలు పెట్టి చూసింది.

"ఇదిగో, ఇక్కడ్నించి నీరింకా వొస్తంది. మేస్త్రిగార్ని ఓపాలి పిలవరాదా?" అంది.

సన్యాసిరావుకి ఒళ్ళు మండింది.

"రెండ్రోజులు నడుం ఇరగ్గొట్టుకుంటే నీకు ఆ సుక్కే కనపడిందేటి? మెషీన్ల సంగతి నీకేటి తెలుసు? నోరు మూసుకుని దుప్పట్లు మడతెట్టు!"

అంతటితో ఊరుకున్నా బాగుండేది. గోడల పగుళ్ళకు పెట్టే లప్పం ముద్ద తెచ్చి ఆ కన్నంలో గట్టిగా కూరాడు. బొట్టు ఆగిపోయింది.

"ఏదీ, ఇప్పుడు కారమను సూద్దాం!" అన్నాడు.

వరహాలమ్మ వెళ్ళి దుప్పట్లు మడతపెట్టుకుంది.

మూడు నెలలపాటు సన్యాసిరావుకి పట్టపగ్గాలు లేవు. వచ్చినవాళ్ళందరికీ మెషీను వెనకభాగం చూపించి, "సుక్క లేదు సూడండి. కంపెనీవోడు కూడా ఇలాగ సెయ్యలేడు" అని చెప్పుకునేవాడు.

నాలుగో నెలలో ఒకరోజు పొద్దున్నే డ్రమ్ము జోరుగా తిరుగుతూ తిరుగుతూ, ఢామ్మని పేలినంత చప్పుడు చేసింది. మెషీను నేలమీద ఎగిరి పడి ఆగిపోయింది. గదంతా సబ్బునీళ్ళు. సన్యాసిరావు పరుగున వెళ్ళి ఐజాక్ మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు.

మేస్త్రి వెనకమూత విప్పాడు. లప్పం చూసి ఆగాడు. దాన్ని పుల్లతో పొడిచేసరికి ఎర్రటి తుప్పునీరు భళ్ళున కారింది.

"ఈ కన్నం ఎవరు మూశారు?"

"నేనే. కారతా ఉంటే..."

"సీలు దాటొచ్చిన నీరు బయటికి పోడానికే కదయ్యా ఆ కన్నం పెట్టింది! అది కారుతోందంటే సీలు మార్చమని. దారి మూసేస్తే నీరెక్కడికి పోతుంది? బేరింగుల్లోకే పోయింది."

"ఇప్పుడు మారిస్తేనో?"

"ఏం మారుస్తావు? తుప్పు ఇరుసును సగం తినేసింది. డ్రమ్ము కొట్టుకుని తొట్టి పగిలింది. ఒక్క నెల ముందు విప్పినా రెండు బేరింగులతో, ఒక సీలుతో పోయేది. ఇప్పుడిక పాత ఇనుము కింద అమ్ముకోవడమే."

ఆసుపత్రివాళ్ళు వారం చూసి, దుప్పట్లు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఇక మిగిలినవి ఊళ్ళోవాళ్ళ మూటలూ, రేవూ.

మొదటి రోజు సన్యాసిరావు భార్యను గట్టు మీద కూర్చోబెట్టి తనొక్కడే బాదాడు. మధ్యాహ్నానికి సగం మూట కూడా పూర్తి కాలేదు. వరహాలమ్మ లేచి, కొంగు దోపుకుని నీళ్ళలోకి దిగింది. తడిసిన దుప్పటి ఎత్తబోయింది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. దుప్పటి నీళ్ళలో పడింది. ఆమె భుజం పట్టుకుని బండ మీద కూలబడింది.

సన్యాసిరావు దుప్పటి తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. దాన్ని పిండుతూ అడిగాడు.

"వరాలూ, మెషీను పాడవుతున్నట్టు నీకేటైనా తెలిసిందా?"

"తెలిసింది. నెల్రోజుల ముందునించీ సన్నగా కూత పెట్టేది. దుప్పట్లేసినప్పుడు సేత్తో తిప్పితే డ్రమ్ము బరువుగా కదిలేది."

"మరి సెప్పలేదేటే?"

వరహాలమ్మ అతని వైపు చూడలేదు.

"నోరు మూసుకుని దుప్పట్లు మడతెట్టమన్నావు గదా. మడతెట్టాను."

మెషీను పోయిన రోజున కూడా ఏడవని సన్యాసిరావు, ఆ బండ మీద కూర్చుని ఏడ్చాడు. వరహాలమ్మ ఓదార్చలేదు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు.

లోపం చెప్పేవాళ్ళ నోరు నొక్కితే లోపం పోదు. చెప్పేవాళ్ళు చెప్పడం మానేస్తారు, అంతే.