కొసరు అనే రాజకుమారుడు

అనగనగా మొగలిసీమ అనే రాజ్యం. దానికి రాజు జయకేతుడు, రాణి కుముదవల్లి. రాజుగారికి ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఏటా మూడు పంటలు పండే పొలాలున్నాయి. పిల్లలే లేరు.

రాజు రోజూ దేవుడికి దణ్ణం పెట్టి, "స్వామీ, ఇద్దరు కొడుకుల్నివ్వు చాలు. ఒకడు సింహాసనం ఎక్కుతాడు, ఒకడు సేనను నడుపుతాడు" అని వేడుకునేవాడు.

దేవుడు విన్నాడు. రాణి నెల తప్పింది. "కవల పిల్లలు, ఇద్దరూ మగపిల్లలే" అని జ్యోతిష్కులు చెప్పారు. రాజు సంబరపడి రెండు బంగారు ఉయ్యాలలు చేయించాడు. వీరకేతు, శూరకేతు అని రెండు పేర్లు ముందే ఎంచి పెట్టుకున్నాడు.

నెలలు నిండాయి. ఒకడు పుట్టాడు. ఇంకొకడు పుట్టాడు. మంత్రసాని సింగమ్మ చేతులు కడుక్కుని, తాంబూలం నోట్లో వేసుకోబోతోంది. ఇంతలో మూడోవాడు కేరుమన్నాడు!

అంతఃపురంలో అందరూ బిత్తరపోయారు. వీడికి ఉయ్యాలా లేదు, పేరూ లేదు. సింగమ్మ మాత్రం తడబడలేదు. ఓ చేటలో మెత్తటి చీర పరిచి, బిడ్డను పడుకోబెట్టి ఫక్కున నవ్వింది.

"ఇద్దర్ని అడిగితే దేవుడు ఇద్దర్నీ కొలిచి ఇచ్చాడు తల్లీ. వీడు కొసరు!"

రాణికి ఆ మాట ఎంతో నచ్చింది. "ఈ బిడ్డ పేరు కొసరు" అంది. పురోహితుడు అభ్యంతరం చెప్పాడు. శాస్త్రంలో అలాంటి పేరు లేదన్నాడు. రాజు కూడా తల గోక్కున్నాడు. రాణి వింటేనా! బారసాల నాడు బిడ్డ చెవిలో ముమ్మారు ఆ పేరే చెప్పింది.

ముగ్గురూ పెరుగుతున్నారు. వీరకేతు అంటే వీరుల జెండా. శూరకేతు అంటే శూరుల జెండా. కొసరు అంటే? ఊళ్ళో ఎవరికీ ఆ పేరు లేదు. తోటి పిల్లలు, "కొసరూ, గుప్పెడు వంకాయలెయ్యి!" అని ఏడిపించేవాళ్ళు.

ఒకనాడు కొసరు మూతి ముడుచుకుని తల్లి దగ్గరకొచ్చాడు. "అమ్మా, నా పేరుకు అర్థమేమిటి?"

రాణి వాణ్ణి సంతకు తీసుకెళ్ళింది. ఓ ముసలమ్మ మానికతో కందులు కొలుస్తోంది. కొలవడం అయ్యాక, ఓ దోసెడు తీసి సంచిలో వేసి, "పిల్లలు తింటారులే" అంది.

"చూశావా నాన్నా? మానికలో కొలిచింది బేరం. ఆ పైన వేసింది ప్రేమ. దాన్నే కొసరంటారు. నీ పేరుకు అర్థం అదే" అంది రాణి.

ఆ రోజు నుంచి ఎవరు ఏడిపించినా వాడు నవ్వేవాడు.

ముగ్గురూ పెద్దవాళ్ళయ్యాక అన్నలిద్దరికీ లోకం చూడాలని కోరిక పుట్టింది. ఓడ ఎక్కి ఏడు సముద్రాలు దాటి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు. చాన్నాళ్ళకు ఓడ సరంగు ఒక్కడే ఓ చిన్న పడవలో తిరిగొచ్చి, రాజు ముందు బావురుమన్నాడు.

"ప్రభూ, ఏడో సముద్రం అవతల ఓ దీవి ఉంది. అన్నదమ్ములిద్దరూ దిగారు. పొగలాంటి జడలున్నవాడొకడు ఎదురొచ్చి ఏదో అన్నాడు. యువరాజులు నిలుచున్నచోటే రాళ్ళైపోయారు! నేను దూరం నుంచి చూశాను గానీ, వాడేమన్నాడో వినపడలేదు."

రాజు కూలబడిపోయాడు. రాణి అన్నం మానేసింది. అప్పుడు కొసరు, "నాన్నగారూ, అన్నయ్యల్ని నేను తీసుకొస్తాను" అన్నాడు. రాణి కళ్ళు తుడుచుకుని, పేలాల ఉండలు చేసి మూట కట్టి ఇచ్చింది.

వెళ్ళగా వెళ్ళగా అడవిలో ఓ ముంగిస కనిపించింది. "రాకుమారా, ఆకలేస్తోంది. ఒక్క ఉండ పెట్టవూ?" అంది.

కొసరు ఒక ఉండ ఇచ్చాడు. ఇంకోటి తీసి, "ఇది కొసరు బావా, తిను" అన్నాడు. ముంగిస సంతోషించి, వెంట నడిచింది.

ఇంకా వెళ్ళగా ఓ ఉడుత కనిపించింది. "రాకుమారా, ఒక్క ఉండ పెట్టవూ?" అంది. ఒకటి ఇచ్చాడు. ఇంకోటి తీసి, "ఇది కొసరు చెల్లీ, తిను" అన్నాడు. ఉడుత ఎగిరి భుజమెక్కింది.

సముద్రం ఒడ్డున కొండంత తాబేలు కనిపించింది. "నాయనా, ముసలిదాన్ని. ఒక్క ఉండ పెట్టవూ?" అంది. ఒకటి ఇచ్చాడు. "ఇది కొసరు అవ్వా, తిను" అని ఇంకోటి ఇచ్చాడు. తాబేలు నెమ్మదిగా నమిలి, "ఎక్కు నాయనా. ఏడు సముద్రాలూ దాటిస్తాను" అంది.

ఉప్పు సముద్రం, చెరకు రసం సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, అన్నీ దాటారు. పాల సముద్రంలో మూతి ముంచుదామని చూసి ఉడుత పడిపోబోయింది. కొసరు తోక పట్టుకుని లాగాడు.

దీవి మీద కాలు పెట్టాడో లేదో, మాంత్రికుడు ధూమ్రజటి ఎదురొచ్చాడు. వాడి చుట్టూ రాళ్ళై నిలబడ్డ మనుషులు. వాళ్ళలో ఇద్దరన్నలూ ఉన్నారు.

"నీ పేరేమిట్రా?" అన్నాడు మాంత్రికుడు.

"కొసరు."

"అసలు చెప్పకుండానే కొసరంటావేమిట్రా? అసలు పేరు చెప్పు."

"అసలు పేరే కొసరు."

"నాతో పరాచికాలా! ఏ తల్లైనా బిడ్డకు కొసరని పేరు పెడుతుందా?" మాంత్రికుడు పళ్ళు నూరాడు. "ఆ రాళ్ళిద్దరి పోలికే ఉంది నీకు. జయకేతూ!" అని గట్టిగా పిలిచాడు. కొసరు పలకలేదు. "ధీరకేతూ!" అన్నాడు. పలకలేదు. "చంద్రకేతూ!" అన్నాడు. కొసరు వెనక్కి తిరిగి, ఎవరిని పిలుస్తున్నాడా అని చూశాడు.

మాంత్రికుడు విసిగిపోయి, "అసలు పేరు చెప్పేదాకా నా కోటలో వాకిలి ఊడువు!" అని వెళ్ళిపోయాడు.

కోటలో ఓ రాకుమారి నీళ్ళు తోడుతోంది. కొసరును చూసి చేద వదిలేసి పరుగున వచ్చింది.

"నువ్వింకా మనిషిగానే ఉన్నావే! వాడికి పేరు చెప్పొద్దు. పేరు తెలుసుకుని పిలుస్తాడు. పలికినవాళ్ళు రాళ్ళైపోతారు. పేరు తెలియనివాళ్ళ మీద వాడి మంత్రం పారదు. నన్నెత్తుకొచ్చి ఏళ్ళు గడిచాయి. నా పేరు చెప్పలేదు కాబట్టే బతికున్నాను."

"నేను చెప్పేశానే!" అన్నాడు కొసరు.

"చెప్పావా? ఏమన్నాడు?"

"అది పేరే కాదన్నాడు."

జరిగింది విని ఆ అమ్మాయి నవ్వింది. ఆ దీవి మీద ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

తర్వాత ఆమె ఓ రహస్యం చెప్పింది. "పేరు చెబితే పాడే చిలకను చూపిస్తానని వాడు నన్ను ఎన్నోసార్లు ఆశపెట్టాడు. కోట వెనక చెరువుంది. చెరువు నడిమధ్య తాటిచెట్టు ఉంది. దాని మీద చిలక, చిలక మెడలో ఎర్ర పూస. ఆ పూసలోనే తన ప్రాణమని ఓసారి వాడే నోరు జారాడు. చెట్టు మొదట్లో నల్లతాచు కాపలా."

తెల్లారి మాంత్రికుడు మూలికల కోసం వెళ్ళగానే కొసరు చెరువు దగ్గరకు పరుగెత్తాడు. తాబేలు అతణ్ణి చెట్టు దగ్గరకు చేర్చింది. తాచు బుస్సున పడగెత్తింది. ముంగిస ఒక్క దూకు దూకి దాని మెడ పట్టుకుంది. ఉడుత చకచకా తాటిచెట్టెక్కి, చిలక మెడలోని దారాన్ని కటకటా కొరికింది. పూస వచ్చి కొసరు చేతిలో పడింది. చిలక రెక్కలు విదిల్చుకుని అతని చేతి మీద వాలింది.

కొసరు ఒడ్డు చేరేసరికి ధూమ్రజటి రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "నా పూస! నా పూస!"

కొసరు పూసను కాస్త నొక్కాడు. మాంత్రికుడు కిందపడి గిలగిల కొట్టుకున్నాడు.

"ముందు మా అన్నయ్యల్ని మనుషుల్ని చెయ్యి."

మాంత్రికుడు మంత్రం చదివాడు. వీరకేతు, శూరకేతు కళ్ళు నులుముకుంటూ వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

"అసలు ఇచ్చేశానుగా, పూస ఇచ్చెయ్యి!" అన్నాడు మాంత్రికుడు.

"మరి కొసరో?"

"ఇంకేం కొసరురా!"

"తక్కినవాళ్ళందరూ."

మాంత్రికుడు పళ్ళు కొరుకుతూ మళ్ళీ మంత్రం చదివాడు. దీవంతా మనుషుల గోలతో నిండిపోయింది. అది చూసి పట్టలేని ఆనందంతో రాకుమారి అరిచింది: "కొసరూ, ఆ పూసను వాడికివ్వకు!"

మాంత్రికుడు చటుక్కున తలెత్తాడు. "ఓహో! అది నిజంగానే పేరా!" అని మాయతో గొంతు మార్చి, అచ్చం రాణి కుముదవల్లి గొంతుతో, "కొసరూ, నాన్నా!" అని పిలిచాడు.

ఎన్నాళ్ళకు విన్నాడు ఆ గొంతు! ఎక్కడున్నాడో మరిచిపోయాడు. "ఆఁ" అనబోయి నోరు తెరిచాడు. భుజం మీదున్న ఉడుత, తాను కొరుక్కుతింటున్న జామపండును లటుక్కున ఆ నోట్లో కుక్కేసింది.

"మ్‌మ్‌మ్" అన్నాడు కొసరు. మంత్రం పారలేదు.

ఇక చిలక ఊరుకోలేదు. కొసరు చేతిలోని పూసను ముక్కున కరుచుకుని, వడ్లగింజను కొరికినట్టు టక్కున కొరికేసింది. ధూమ్రజటి పొగైపోయాడు. ఆ పొగనూ సముద్రపు గాలి ఎగరేసుకుపోయింది.

రాళ్ళై నిలబడ్డవాళ్ళ ఓడలు రేవులో అలాగే ఉన్నాయి. అందరూ ఎక్కారు. ఓడ కదులుతుండగా రాకుమారి కొసరు పక్కకొచ్చి నిలబడింది.

"నా పేరు అడగవేం?" అంది.

"అడిగితే భయపడతావేమోనని."

"తావి" అంది ఆమె, మెల్లగా. "పువ్వుకుండే వాసన అని అర్థం. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఒకసారి పిలవవూ?"

"తావీ."

"ఆఁ" అంది ఆమె, కళ్ళ నిండా నీళ్ళతో, నోరారా.

మొగలిసీమలో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ముంగిసకూ, ఉడుతకూ, చిలకకూ, రేవులో తాబేలవ్వకూ విస్తళ్ళు వేశారు. అన్నలు తండ్రి రాజ్యాన్ని ఏలారు. తావి తండ్రికి కొడుకుల్లేరు. ఆయన తన రాజ్యం కొసరుకిచ్చి పట్టం కట్టాడు.

ఆ దీవి నుంచి బయటపడ్డవాళ్ళు దేశదేశాలకూ వెళ్ళి, ఈ కథ చెప్పి, ఇంట్లో పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకున్నారు. కొసరయ్యలు, కొసరమ్మలు, చిన్నకొసరులు, పెద్దకొసరులు! ఎవరైనా వీధిలో "కొసరూ" అని కేకేస్తే పదిళ్ళ తలుపులు తెరుచుకునేవి. పిల్లల మీద ఆశ వదులుకున్న ఇంట్లో బిడ్డ పుడితే ఇక వేరే పేరే వెతికేవాళ్ళు కాదు. శాస్త్రంలో లేదన్న పురోహితుడు కూడా తన మనవడికి ఆ పేరే పెట్టి, శాస్త్రంలో దాన్ని రాసేశాడు.

కొసరు, తావి పిల్లాపాపలతో, ధర్మం తప్పకుండా, తలలు నెరిసేదాకా రాజ్యం చేశారు. వాళ్ళు ఏలినన్నాళ్ళూ ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు, ఏ కంటా నీరు నిలవలేదు. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు, విన్న మీరంతా ఇక్కడ చల్లగా ఉండండి.